గల్లగురిగి ఎప్పుడు పగలగొట్టాలి?

సంక్రాంతికి వచ్చిన మేనమామ తిరిగి వెళ్తూ పిల్లవాడి చేతిలో ఐదు వందల నోటు పెడతాడు. ఆయన వీధి మలుపు తిరగకముందే ఆ నోటు అమ్మ చేతిలోకి వచ్చేస్తుంది. "నీ పేరు మీద బ్యాంకులో వేస్తాలే నాన్నా" అంటుంది ఆవిడ. అబద్ధమాడటం లేదు, వెయ్యాలనే అనుకుంటుంది. ఈలోగా గ్యాస్ బండ వస్తుంది, వ్యాను ఫీజు కట్టాల్సి వస్తుంది. పిల్లవాడు రెండు మూడుసార్లు గుర్తుచేసి ఊరుకుంటాడు. మర్చిపోయాడనుకుంటాం. మర్చిపోడు. పెద్దవాళ్ల దగ్గర దాచుకుంటే పోయినట్టేనని లెక్క తేల్చుకుంటాడు. ఈసారి నోటు చేతిలో పడగానే దుకాణానికి పరుగెత్తితే, "వీడి చేతిలో పైసా నిలవదు" అని విసుక్కునేదీ మనమే.

పిల్లలకు పొదుపు పాఠాలు చెప్పే ముందు ఈ ఒక్క సంగతి చూసుకోమని నా మనవి. దాచిన డబ్బు తిరిగి తన చేతికి వస్తుందన్న నమ్మకం లేని పిల్లవాడికి ఎన్ని నీతికథలు చెప్పినా దండగే.

ఆగగలిగే గుణం పుట్టుకతో వస్తుందని చాలామంది అనుకుంటారు. 1960ల చివర్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ మిషెల్ నర్సరీ పిల్లలకు పెట్టిన పరీక్ష ప్రసిద్ధం: ఇప్పుడే తింటే ఒక మిఠాయి, నేను వచ్చేదాకా ఆగితే రెండు. 2012లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు ఈ పరీక్షకు ముందు ఒక మెలిక పెట్టారు. పిల్లలకు వాడేసిన రంగులిచ్చి, "కాసేపు ఆగితే ఇంతకంటే మంచివి తెస్తాను" అని చెప్పారు. కొందరికి చెప్పినట్టే తెచ్చిచ్చారు. కొందరి దగ్గరికి మాత్రం ఒట్టి చేతులతో వచ్చి, లేవట అన్నారు. స్టిక్కర్లతోనూ మరోసారి ఇలాగే చేశారు. ఆ తర్వాతే మిఠాయి పరీక్ష. చెప్పిన మాట నిలబడటం చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పడం చూసినవాళ్లు 3 నిమిషాలే ఆగారు. మొత్తం 28 మంది పిల్లలతో చేసిన చిన్న ప్రయోగం ఇది, దీని మీద మేడలు కట్టక్కర్లేదు. అయినా ఆ మేనమామ నోటు సంగతి తెలిసిన ఏ ఇల్లాలికీ ఈ ఫలితం వింతగా అనిపించదు.

అందుకని, వచ్చిన డబ్బులో సగం బ్యాంకుకి, సగం పిల్లల చేతికి అని మొదటే చెప్పేయండి. సగమే ఎందుకంటే నా దగ్గర శాస్త్రమేమీ లేదు, పిల్లలకు సులువుగా అర్థమయ్యే లెక్క అది. బ్యాంకులో వేశాక పాస్‌బుక్ చూపించండి. అత్యవసరమై వాడుకుంటే అప్పుగా తీసుకున్నామని చెప్పి, ఫలానా తేదీకి తిరిగివ్వండి. పది రూపాయలు వడ్డీ కలిపితే ఇంకా మంచిది. ఆ పది రూపాయలు నేర్పేది లెక్కల మాస్టారు ఏడాదంతా చెప్పినా రాదు.

పిల్లలు తమ సగం దాచుకునే మట్టి గల్లగురిగికి డబ్బు వేసే సందే ఉంటుంది, తీసే దారి ఉండదు. అందుకే అది నిండాలంటే ఎప్పుడు పగలగొడతామో ముందే తెలియాలి. ఆరేళ్ల పిల్లకు "నీ చదువు కోసం" అంటే ఏమర్థమవుతుంది? మూడు నాలుగు వారాల్లో వచ్చే పుట్టినరోజు అర్థమవుతుంది. పదేళ్లవాడు దసరా నుంచి సంక్రాంతి దాకా ఆగగలడు. పగలగొట్టిన రోజు ఆ చిల్లర వాళ్లనే లెక్కపెట్టుకోనివ్వండి, తర్వాత వాళ్లనే ఖర్చుపెట్టుకోనివ్వండి. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే మాట తప్పుతారు. దాచేదాకా "నీ డబ్బు" అని, కొనే వేళకి "అదెందుకు, ఇది తీసుకో" అంటారు.

హైదరాబాదువాళ్లకు దీనికి మంచి చోటుంది. 1938లో మొదలైన నుమాయిష్ ఎగ్జిబిషన్ మామూలుగా ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో జరుగుతుంది. బయల్దేరేటప్పుడే పిల్ల చేతిలో తన డబ్బు మూడు వందలు పెట్టి, తిండి, రైలు టికెట్టు మా ఖర్చు, మిగతాది నీ ఇష్టం అనండి. మొదటి చుట్టు చూడటానికి, రెండో చుట్టు కొనడానికి. అప్పుడు ఒక చిత్రం జరుగుతుంది. మన డబ్బుతో వెళ్లినప్పుడు "అది కావాలి" అనే పిల్ల, తన డబ్బుతో వెళ్తే "అదెంత?" అంటుంది. బేరమాడుతుంది కూడా, మనకంటే మొండిగా. ఊళ్లలో తిరునాళ్లయినా జాతరయినా ఇదే పద్ధతి. కొన్న బొమ్మ ఇంటికొచ్చేసరికి విరిగిపోవచ్చు. "నేను ముందే చెప్పానా?" అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది, మింగేయండి. విరిగిన బొమ్మ చెప్పాల్సింది ఎలాగూ చెప్పేసింది. మిగిలిన డబ్బు మాత్రం పిల్ల దగ్గరే ఉండాలి, తిరిగి లాక్కుంటే వచ్చే ఏడు ఒక్క రూపాయీ మిగల్చదు.

ఇప్పుడు మన సంగతి. స్కాట్ రిక్, సింథియా క్రైడర్, జార్జ్ లోవెన్‌స్టీన్ అనే ముగ్గురు పరిశోధకులు 2008లో ఒక తేడా చూపించారు. పొదుపరికి దాచడంలో సుఖముంటుంది. పిసినారికి దాచడంలో సుఖమేమీ ఉండనక్కర్లేదు, ఇవ్వడంలో నొప్పి ఉంటుంది, అంతే. బయటికి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. ఇంట్లో పిల్లలకు మాత్రం ఆ తేడా వినిపిస్తుంది. హోటల్లో దోసెలు తింటూ "ఇంత రేటా, ఇంట్లో అయితే పది మందికి వచ్చేది" అని బిల్లు వచ్చేదాకా సణిగితే డబ్బూ పోతుంది, దోసె రుచీ పోతుంది. వెళ్లకూడదనుకుంటే వెళ్లకండి. వెళ్లాక సంతోషంగా తినండి. ఖర్చుపెట్టిన డబ్బుకు పూర్తి విలువ రాబట్టుకోవడం కూడా పొదుపేనని నా అభిప్రాయం.

ఒకరు పట్టి పట్టి ఖర్చుపెట్టేవారు, ఒకరు చేతికి ఎముక లేనివారు, ఇలాంటి జంటలు ఎక్కువే. ఎవరిని అడగాలో పిల్లలకు ఐదో ఏటికే తెలిసిపోతుంది. ఆ తగువు వాళ్ల ముందు తెంచుకోకండి, అంతే.

ఫోన్‌తో చెల్లించే రోజులు వచ్చాక పిల్లలకు డబ్బు పోవడం కనబడటమే లేదు, టింగుమన్న చప్పుడే వినబడుతుంది. కనీసం పదేళ్లదాకా వాళ్ల డబ్బు నోట్లుగా, బిళ్లలుగానే ఉండనివ్వండి. పదేళ్లు నిండిన పిల్లలు తమ పొదుపు ఖాతాను తామే నడుపుకోవడానికి 2014లోనే రిజర్వు బ్యాంకు అనుమతించింది. పరిమితులేమిటో మీ బ్యాంకులో అడగండి. సుకన్య సమృద్ధి ఖాతా వేరే సంగతి. పదేళ్లలోపు ఆడపిల్ల పేరిట తెరిచి, ఏడాదికి కనీసం 250 రూపాయల చొప్పున 15 ఏళ్లు కడితే, తెరిచిన 21 ఏళ్లకు అది పక్వానికి వస్తుంది. అది మీరు చేసే పొదుపు, మీ జీతంలోంచి చేయండి. మేనమామ నోటును అందులో వేసి పిల్లకు పొదుపు నేర్పామనుకోవద్దు.

ఇంకో రకం పిల్లలుంటారు. ఏమీ అడగరు, ఇచ్చిన డబ్బు ఇచ్చినట్టే దాచేస్తారు. చుట్టాల ముందు గొప్పగా చెప్పుకుంటాం. నాకు మాత్రం వాళ్లను చూస్తే కొంచెం దిగులు. కొందరికి నిజంగానే ఏమీ అక్కర్లేకపోవచ్చు. కొందరు మాత్రం రాత్రిపూట వంటింట్లో ఈఎంఐల గురించి మనం గొంతు తగ్గించి మాట్లాడుకున్నది విని ఉంటారు. సగం విన్న మాట పూర్తిగా విన్నదానికంటే ఎక్కువ భయపెడుతుంది. అలాంటి పిల్లను కూర్చోబెట్టి ఇంటి లెక్క చెప్పండి: అద్దె ఇంత, అప్పు ఇంత, మిగిలేది ఇంత. నిజంగా ఇబ్బందే అయితే ఎన్నాళ్లుంటుందో అదీ చెప్పండి. ఇబ్బంది లేకపోతే కొంత డబ్బు చేతికిచ్చి, దీన్ని దాచకూడదు, నీకు నచ్చింది కొనుక్కోవాల్సిందే అనండి. మొదటిసారి ఆ పిల్ల తమ్ముడికేదో కొనుక్కొస్తుంది. కొననివ్వండి. రెండోసారి మాత్రం దుకాణానికి తమ్ముణ్ణి తీసుకెళ్లకండి.