పోయిన సెల్‌ఫోను దొంగకు పనికిరాకుండ చేయుట

మాఘ పూర్ణిమనాడు హంసలదీవి సాగరసంగమమున స్నానములకై వేలకొలది జనులు చేరుదురు. ఆ రద్దీలో సెల్‌ఫోను పోయినచో సిమ్ము ఆపించుట మాత్రమే చాలదు. దొంగ వేరొక సిమ్ము వేసి వాడుకొనును.

ప్రతి ఫోనుకును 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య కలదు. పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేసి, పాత నంబరుకే కొత్త సిమ్ము పొంది, కేంద్ర టెలికాం శాఖవారు 2023 మే నెలలో దేశమంతటికిని ఆరంభించిన 'సంచార్ సాథీ'లో ఆ సంఖ్యను, ఫిర్యాదు ప్రతిని నమోదు చేయవలెను. అటుపిమ్మట దేశములోని ఏ కంపెనీ సిమ్ము వేసినను ఆ ఫోను పనిచేయదు. వేసినచో దాని జాడయు తెలియును. ఫోను దొరికినచో నిషేధమును అక్కడనే తొలగించుకొనవచ్చును.

స్టార్, హ్యాష్, సున్న, ఆరు, హ్యాష్ నొక్కిన ఈ సంఖ్య కనబడును. ఫోను పోయిన తరువాత నొక్కుటకేమున్నది? కావున తిరునాళ్లకు ముందే ప్రతి ఇంట దీనిని వ్రాయించి ఉంచుట పంచాయతీ సభ్యులమైన మన కర్తవ్యము.