పోర్టబుల్ ప్రొజెక్టర్ సెటప్: అదే ప్రొజెక్టర్, అదే గోడ, మొదటి రోజు ఫ్లాప్, రెండో రోజు హిట్

మొన్న సంక్రాంతికి ఊరెళ్తూ కొత్తగా కొన్న పోర్టబుల్ ప్రొజెక్టర్ బ్యాగ్‌లో వేసుకెళ్లాను. ప్లాన్ చాలా సింపుల్. మా అమ్మమ్మకి 78 ఏళ్లు. మోకాళ్ల నొప్పుల వల్ల థియేటర్‌కి వెళ్లి చాలా కాలమైంది. పండగకి పెరటి ప్రహరీ గోడకి కొత్తగా సున్నం వేశారు. ఆ గోడ మీద 120 అంగుళాల సైజులో ఆవిడకి 'మాయాబజార్' చూపించాలి.

సాయంత్రం ఆరింటికే చుట్టుపక్కల వాళ్లు కూడా చాపలు తెచ్చుకుని కూర్చున్నారు. ప్రొజెక్టర్ ఆన్ చేశాను. గోడ మీద ఏదో లేత నీడ కదులుతోంది తప్ప మొహాలు తెలియట్లేదు. కాసేపటికి అదీ పోయింది, స్క్రీన్ మొత్తం నల్లగా అయ్యి సౌండ్ మాత్రం వస్తోంది. "గొంతు వినిపిస్తోంది గానీ మనిషే కనపడట్లేదేంట్రా?" అంది అమ్మమ్మ. అరగంట కుస్తీ పట్టాక అందరూ లేచి వెళ్లిపోయారు.

మర్నాడు అదే ప్రొజెక్టర్‌తో అదే గోడ మీద సినిమా మొత్తం నడిచింది. కొత్తగా ఏమీ కొనలేదు. మార్చింది ఆరు విషయాలు మాత్రమే. ఆ ఆరూ ఈ ఆర్టికల్‌లో వరుసగా చూద్దాం. ఈ వరుస కూడా ముఖ్యమే, ఎందుకంటే ముందు స్టెప్ తప్పితే తర్వాతవి ఎంత బాగా చేసినా లాభం లేదు.

1. ముందు చీకటి

టీవీకి, ప్రొజెక్టర్‌కి అసలు తేడా ఇక్కడే ఉంది. టీవీ స్క్రీన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు దాదాపు నల్లగా ఉంటుంది. గోడ తెల్లగా ఉంటుంది. ప్రొజెక్టర్ వెలుతురు వెయ్యగలదు గానీ నలుపుని వెయ్యలేదు. సినిమాలో నల్లగా ఉండాల్సిన చోట అది చేసే పని వెలుతురు ఆపడమే. అప్పుడు మీకు కనిపించేది గోడ మీద అప్పటికే పడుతున్న బయటి వెలుతురు. అంటే గోడ ఎంత చీకటిగా ఉంటే మీ సినిమాలో నలుపు అంత నల్లగా ఉంటుంది.

దీన్ని కొలవడం ఈజీ. ఫోన్‌లో ఏదైనా లైట్ మీటర్ యాప్ వేసుకుని, ఫోన్‌ని గోడకి ఆనించి స్క్రీన్ మీ వైపు తిప్పి పెట్టండి. లక్స్‌లో ఒక నంబర్ వస్తుంది. ఫోన్ సెన్సర్ ల్యాబ్ పరికరం కాదు గానీ మన పనికి సరిపోతుంది.

మేం మొదటి రోజు ఆరింటికి మొదలుపెట్టాం. జనవరిలో మా వైపు సూర్యుడు ఆరుకి కొంచెం ముందు అస్తమిస్తాడు, కానీ ఆకాశంలో వెలుతురు వెంటనే పోదు. మర్నాడు అదే టైమ్‌కి కొలిస్తే గోడ మీద 100 లక్స్ వచ్చింది. ఏడున్నరకి, పెరట్లో బల్బు కూడా ఆపాక, 2 వచ్చింది. మన తెలుగు రాష్ట్రాల్లో సూర్యాస్తమయం తర్వాత కనీసం 45 నిమిషాలు ఆగితే సేఫ్. ఇంట్లో అయితే కర్టెన్లు వేసి ట్యూబ్‌లైట్ ఆపేయండి. వీధి లైటు పడే గోడ అయితే వేరే గోడ వెతకండి.

2. సైజు మీద ఆశ తగ్గించుకోండి

ఇప్పుడు ల్యూమెన్స్ లెక్క. నా ప్రొజెక్టర్ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో 9000 ల్యూమెన్స్ అని ఉంది. స్పెసిఫికేషన్స్ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో 200 ఆన్సీ ల్యూమెన్స్ అని ఉంది. నమ్మాల్సింది రెండోదాన్ని. ఆన్సీ పద్ధతిలో స్క్రీన్‌ని తొమ్మిది భాగాలు చేసి, ఒక్కోచోట వెలుతురు కొలిచి సగటు తీస్తారు. ఐఎస్ఓ ల్యూమెన్స్ కూడా ఇలా స్క్రీన్ మీద కొలిచేవే. ఈ రెండు పేర్లూ లేకుండా ఉత్త 'ల్యూమెన్స్' అని మాత్రమే ఉంటే ఆ నంబర్‌ని పక్కన పెట్టేయండి.

ఆ 200 ల్యూమెన్స్ ఎంత ఏరియా మీద పరుచుకుంటాయి అన్నదే అసలు ప్రశ్న. ల్యూమెన్స్‌ని స్క్రీన్ వైశాల్యంతో భాగిస్తే లక్స్ వస్తుంది. 16:9 స్క్రీన్‌కి వైశాల్యాలు ఇవి:

60 అంగుళాలు: సుమారు 1 చదరపు మీటరు
80 అంగుళాలు: సుమారు 1.76 చదరపు మీటర్లు
100 అంగుళాలు: సుమారు 2.76 చదరపు మీటర్లు
120 అంగుళాలు: సుమారు 3.97 చదరపు మీటర్లు

60 నుంచి 120కి వెళ్తే సైజు డబుల్ అయింది అనుకుంటాం. వైశాల్యం మాత్రం నాలుగు రెట్లయింది, వెలుతురు నాలుగో వంతుకి పడిపోయింది.

డిజిటల్ సినిమా థియేటర్ ప్రమాణం ప్రకారం తెర మీద తెలుపు 48 నిట్స్ ఉండాలి. మామూలు తెల్ల తెర మీద అది రావాలంటే సుమారు 150 లక్స్ పడాలి. కాబట్టి మీ ఆన్సీ ల్యూమెన్స్‌ని 150తో భాగించండి. థియేటర్ లాంటి వెలుతురు ఎన్ని చదరపు మీటర్లలో వస్తుందో తెలుస్తుంది. నా 200కి అది 1.33 చదరపు మీటర్లు, అంటే దాదాపు 70 అంగుళాలు. పూర్తి చీకట్లో ఇంకొంచెం తగ్గినా కళ్లు అలవాటు పడతాయి కాబట్టి 80 దాకా వెళ్లొచ్చు.

మొదటి రోజు నేను 120 వేశాను, అది కూడా బ్యాటరీ మీద. నా మోడల్ బ్యాటరీ మీద నడిచేటప్పుడు వెలుతురు సగానికి తగ్గించుకుంటుంది. అంటే 100 ల్యూమెన్స్, 3.97 చదరపు మీటర్లు, 25 లక్స్. గోడ మీద బయటి వెలుతురేమో 100. తెలుపు ఉన్నచోట 125, నలుపు ఉన్నచోట 100. తేడా 1.25 రెట్లే, మొహాలు ఎలా కనిపిస్తాయి?

రెండో రోజు 80 అంగుళాలు, ప్లగ్ మీద. 200 ల్యూమెన్స్‌ని 1.76తో భాగిస్తే 114 లక్స్. బయటి వెలుతురు 2. లెక్క ప్రకారం తేడా 58 రెట్లు. లెన్స్ నుంచి లీకయ్యే వెలుతురు వల్ల నిజంగా అంత రాదు, అయినా ముందురోజుతో పోలికే లేదు.

3. స్టూల్ జరపండి, కీస్టోన్ తర్వాత

ఆటో కీస్టోన్ ఉంది కదా అని ప్రొజెక్టర్‌ని ఎక్కడో ఒక మూల పెట్టేస్తాం. బొమ్మ చక్కగా చతురస్రంగా వచ్చేస్తుంది. కానీ కీస్టోన్ లెన్స్‌ని తిప్పదు. వంకరగా పడ్డ బొమ్మని సాఫ్ట్‌వేర్‌లో కుదించి, అంచుల్లో మిగిలిన పిక్సెల్స్‌ని ఆపేస్తుంది. 1080పీ ప్యానెల్‌లో 20.7 లక్షల పిక్సెల్స్ ఉంటాయి. బొమ్మ 75 శాతం ఏరియాకి కుదిస్తే మీకు మిగిలేది 15.5 లక్షలే. ఆపేసిన పిక్సెల్స్ వెలుతురు కూడా వేస్ట్ అయినట్టే. అసలే 200 ల్యూమెన్స్, అందులో పాతిక శాతం పోగొట్టుకోవడం ఎందుకు?

అందుకని ముందు ఆటో కీస్టోన్ ఆఫ్ చేసి, లెన్స్ గోడకి ఎదురుగా, స్క్రీన్ మధ్య గీత మీద ఉండేలా స్టూల్‌ని జరపండి. చాలా పోర్టబుల్ ప్రొజెక్టర్ల కింద కెమెరా ట్రైపాడ్‌కి పట్టే మర ఉంటుంది, అది వాడితే ఎత్తు సరిచేసుకోవడం ఈజీ. చివర్లో మిగిలిన కొద్దిపాటి వంకరకి మాత్రమే కీస్టోన్ వాడండి.

ఎంత దూరంలో పెట్టాలో స్పెసిఫికేషన్స్‌లో త్రో రేషియో చెబుతుంది. నా దాంట్లో 1.2. అంటే స్క్రీన్ వెడల్పుకి 1.2 రెట్ల దూరం. 80 అంగుళాల స్క్రీన్ వెడల్పు 177 సెంటీమీటర్లు, దానికి దూరం 212 సెంటీమీటర్లు, సుమారు ఏడడుగులు. ఫోకస్ చివర్లో చెయ్యండి. పావుగంట నడిచి వేడెక్కాక మళ్లీ ఒకసారి సరిచెయ్యండి, ఎందుకంటే వేడికి ఫోకస్ కొంచెం జరుగుతుంది.

గోడ లేకపోతే దుప్పటి కడతాం. పల్చటి దుప్పటి గుండా వెలుతురు వెనక్కి పోతుంది. దుప్పటిని రెండు మడతలు వేసి, ముడతల్లేకుండా నాలుగు మూలలా లాగి కట్టండి. ఆయిల్ పెయింట్ గోడ కంటే సున్నం గోడే బెటర్, మెరుపు ఉండదు.

4. బొమ్మ నల్లగా, సౌండ్ మాత్రం ఎందుకు?

మొదటి రోజు నేను ఫోన్‌లో సినిమా యాప్ ఓపెన్ చేసి స్క్రీన్ మిర్రరింగ్ పెట్టాను. చాలా ఓటీటీ యాప్స్‌లో వీడియోకి కాపీ రక్షణ ఉంటుంది. మిర్రరింగ్ కనెక్షన్‌కి హెచ్‌డీసీపీ సపోర్ట్ లేకపోతే వీడియోని ఆపేస్తాయి, సౌండ్ మాత్రం వస్తుంది. ఇది ప్రొజెక్టర్ పాడవడం కాదు, సెట్టింగ్స్‌లో వెతికితే దొరికేదీ కాదు.

దీనికి దారులు రెండు. ప్రొజెక్టర్‌లోనే ఆ యాప్ అధికారికంగా ఉంటే అందులో చూడండి. లేకపోతే హెచ్‌డీఎంఐ పోర్ట్‌కి స్ట్రీమింగ్ స్టిక్ పెట్టండి. రెండో రోజు నేను చేసింది ఇదే, ఇంట్లో టీవీకి ఉన్న స్టిక్ పీకి పెట్టాను. స్టిక్‌కి పవర్ ప్రొజెక్టర్ యూఎస్‌బీ నుంచి ఇస్తే మధ్యలో రీస్టార్ట్ అవ్వొచ్చు, దాని అడాప్టరే వాడండి. టైప్-సీ కేబుల్‌తో ఫోన్ నుంచి వీడియో పంపాలంటే ఫోన్‌లో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ ఉండాలి. చాలా బడ్జెట్ ఫోన్లలో అది ఉండదు, కేబుల్ కొనేముందు చెక్ చెయ్యండి.

పెళ్లి వీడియోల్లాంటివి పెన్‌డ్రైవ్‌లో వేస్తుంటే ఇంకో మాట. ఫ్యాట్32 ఫార్మాట్‌లో 4 జీబీ దాటిన ఫైల్ కాపీ అవ్వదు, ఎక్స్‌ఫ్యాట్ వాడండి. ప్రొజెక్టర్ దాన్ని చదువుతుందో లేదో ముందే చూసుకోండి.

పాత సినిమాలకి మరో చిన్న సెట్టింగ్ ఉంది. 1957 నాటి 'మాయాబజార్' బొమ్మ దాదాపు 4:3 ఆకారంలో ఉంటుంది. పక్కల ఖాళీ ఉందని 16:9కి సాగదీస్తే శశిరేఖ కూడా ఘటోత్కచుడిలా కనిపిస్తుంది. యాస్పెక్ట్ రేషియోని ఒరిజినల్‌లోనే ఉంచండి.

5. సౌండ్‌కి వైరు

చేతిలో పట్టే ప్రొజెక్టర్‌లో స్పీకర్ కూడా చిన్నదే, బయట ఆ సౌండ్ చాలదు. బ్లూటూత్ స్పీకర్ కలిపితే ఇంకో సమస్య: పెదాలు ముందు కదులుతాయి, మాట తర్వాత వస్తుంది. పాటకి పర్లేదు గానీ డైలాగ్‌కి చిరాకు. 3.5 ఎంఎం ఆక్స్ కేబుల్ పెడితే ఈ తేడా ఉండదు. బ్లూటూతే గతి అయితే సెట్టింగ్స్‌లో ఆడియో సింక్ ఆప్షన్ వెతకండి. స్పీకర్‌ని మీ పక్కన కాకుండా స్క్రీన్ కింద పెట్టండి, మాట బొమ్మలోంచి వచ్చినట్టు ఉంటుంది.

6. పవర్, మంచు, పిల్లలు

'మాయాబజార్' సుమారు మూడు గంటల సినిమా. నా ప్రొజెక్టర్ బ్యాటరీ రెండు గంటలు. పవర్ బ్యాంక్ పెడదామంటే లెక్క చూడండి: 20,000 ఎంఏహెచ్ అంటే 3.7 వోల్టుల దగ్గర 74 వాట్-అవర్స్, నష్టాలు పోను 60 అనుకోండి. 40 వాట్లు తీసుకునే ప్రొజెక్టర్‌కి అది గంటన్నరే. అదీ పవర్ బ్యాంక్ కావాల్సినన్ని వాట్లు ఇవ్వగలిగితే. నా అడాప్టర్ 65 వాట్లది, దాని బదులు 22.5 వాట్ల పవర్ బ్యాంక్ పనికిరాదు. ఇంట్లోంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగడమే ఉత్తమం. వైరు జనం నడిచే దారిలో లేకుండా చూడండి.

చలికాలం రాత్రి మంచు కురుస్తుంది కాబట్టి స్టూల్ పైన గొడుగు కట్టాను. గాలి రంధ్రాలకి ఏదీ అడ్డు ఉండకూడదు, పరుపు మీద అసలు పెట్టకండి. లెన్స్‌ని చొక్కాతో తుడవకండి, మైక్రోఫైబర్ గుడ్డ వాడండి. పిల్లలు లెన్స్‌లోకి తొంగిచూడకుండా ఎవరో ఒకరు కాపలా ఉండాలి. మా ఇంట్లో ఆ డ్యూటీ తమ్ముడిది.

రెండో రోజు ఏమైంది?

ఏడున్నరకి మొదలుపెట్టాం. ముందురోజు నిరాశపడ్డవాళ్లలో సగం మందే వచ్చారు. 2010లో రంగులద్దిన వెర్షన్ కూడా వచ్చింది గానీ, అమ్మమ్మకి తను చిన్నప్పుడు చూసిన నలుపు-తెలుపే కావాలి. శాలువా కప్పుకుని మొదటి వరసలో కుర్చీ వేయించుకుంది. ఇంటర్వెల్‌లో మోకాళ్లకి మందు రాసుకుని మళ్లీ వచ్చి కూర్చుంది.

సినిమా అయ్యాక, "బొమ్మ నిన్నటికంటే చిన్నగా వేశాను, పర్లేదా అమ్మమ్మా?" అని అడిగాను.

"చిన్నదైతే ఏంరా, మొహాలు కనపడాలి గానీ" అంది.

ప్రొజెక్టర్ కొనేముందు నేను చదివిన స్పెసిఫికేషన్స్ అన్నిటికంటే ఈ ఒక్క మాట ఎక్కువ పనికొచ్చేది. మీరు ఈసారి సెట్ చేసేటప్పుడు గోడ నిండా బొమ్మ వేసే ముందు, చివరి వరసలో కూర్చుని ఒక్క మొహం చూడండి. స్పష్టంగా లేకపోతే ప్రొజెక్టర్‌ని రెండడుగులు ముందుకి జరపండి.