నలభై దాటాక సర్ఫింగ్

ప్రశ్న: నా వయసు 42. విశాఖలో ఉంటాను. సర్ఫింగ్ నేర్చుకోవాలని ఉంది. ఒళ్లు సహకరిస్తుందా?

జవాబు: నిక్షేపంగా నేర్చుకోవచ్చు, ఈత వస్తే. అల మీద నిలబడేది సెకన్లపాటే. మిగతా సమయంలో చాలాసేపు బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్లు తోయాలి. అందుకే కాళ్లకంటే ముందు భుజాలు, నడుము అలిసిపోతాయి. ఇంట్లో చాప మీద బోర్లా పడుకుని, అరచేతులు పక్కటెముకల దగ్గర ఆనించి, ఒక్క ఊపున లేచి మోకాళ్లు వంచి నిలబడటం రోజూ సాధన చేయండి. తొలి బోర్డు పొడవుగా, మెత్తటి ఫోముతో చేసినదై ఉండాలి. పడ్డప్పుడు చేతులతో తల కాచుకోండి. బీపీ, పాత భుజం నొప్పి ఉంటే ముందు డాక్టరును కలవండి. మన తీరంలో సముద్రంలోకి లాగేసే ప్రవాహాలున్నాయి. చిక్కుకుంటే ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా ఈది బయటపడాలి. శిక్షకుడు లేకుండా మాత్రం దయచేసి నీళ్లలోకి దిగొద్దు.