బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే



ఇద్దరు బిడ్డలు చాలని మీరిద్దరూ కూర్చుని అనుకున్నారు. మంచిదే. ఆ ఇద్దరూ ఆరోగ్యంగా పెరిగి పెద్దవాళ్లు కావాలి గదా! ఐదేళ్ల లోపు పసివాళ్ల ప్రాణం తీసే జబ్బులలో నీళ్ల విరేచనాలు ఒకటి. "పళ్లొస్తున్నాయిలే, అదే తగ్గుతుంది" అని ఊరుకుంటాము. పొద్దున ఆడుకున్న బిడ్డ పొద్దుగూకేసరికి తోటకూర కాడలా వాలిపోతాడు.

విరేచనం వల్ల బిడ్డ చనిపోడు. ఒంట్లోని నీరు, ఉప్పు బయటికి పోయినందువల్ల చనిపోతాడు. ఈ ఒక్క సంగతి తెలిస్తే తక్కినదంతా తేలిక. ముదురు పైరు నీరు లేకున్నా రెండు రోజులు ఓర్చుకుంటుంది. నారుమడికి ఒక్క పూట తప్పినా నారు వాడిపోతుంది. మన పసివాడు నారు వంటివాడు.

లంఖణం పరమౌషధమని పెద్దల మాట. విరేచనాలకు మాత్రం అది పనికిరాదు. "నీళ్లు తాగిస్తే ఇంకా పారుతుంది, పాలు మానిపించు" అని అత్తగారు చెప్పేది మనవడి మీద ప్రేమకొద్దీనే. అయినా ఆ మాట వినరాదు. పోయిన నీరు పోయినట్టే తిరిగి పొయ్యాలి. తల్లిపాలు మామూలు కంటే ఎక్కువసార్లు ఇవ్వాలి. అన్నం తినే బిడ్డకు మెత్తటి అన్నం, పప్పుకట్టు, పెరుగు, అరటిపండు కొద్దికొద్దిగా పెడుతూనే ఉండాలి.

ఇక ఓ.ఆర్.ఎస్. పొట్లం సంగతి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాలుకు వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు చాలలేదు. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా ఉప్పు నీళ్లలో కలిపి పీపాలలో పోయించి, రోగుల చుట్టాలచేతనే తాగించారు. అలాంటి శిబిరాలలో నూటికి 30 మంది దాకా చనిపోయేవారు. ఆయన దగ్గర నూటికి నలుగురి కంటే తక్కువ చనిపోయారు. ఉప్పుకు తోడు తగినంత చక్కెర ఉంటే, పేగు ఆ రెంటినీ పీల్చుకుంటుంది. వాటి వెంట నీరూ లోపలికి పోతుంది. విరేచనం అవుతున్నా ఈ పని ఆగదు.

అందుకే కొలత తప్పరాదు. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే పెద్ద పొట్లం మొత్తం ఒక లీటరు మంచినీటిలో కలపాలి. కొలిచేందుకు ఖాళీ లీటరు నీళ్ల సీసా చాలు. పొట్లంలో సగం ఇప్పుడు, సగం రేపు అని కలపవద్దు. మందుల షాపులో 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న పొట్లాలూ ఉంటాయి. ఎంత నీటికో పొట్లం మీద చూసుకోండి, చదువురాకపోతే అడగండి. కలిపిన నీరు 24 గంటలు దాటితే పారబోయాలి. పొట్లం అందేలోగా ఇంట్లోనే లీటరు నీటికి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలపండి. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు హాని. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు దీనికి బదులు కావు. వాటి మీద ఓ.ఆర్.ఎస్. అని వేయరాదని 2025లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది.

రెండేళ్ల లోపు బిడ్డకు విరేచనమైన ప్రతిసారీ చిన్న టీ గ్లాసుతో సగం నుంచి ఒక గ్లాసు, పెద్ద పిల్లలకు ఒకటి నుంచి రెండు గ్లాసులు. కక్కితే పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకో చెంచా చొప్పున మళ్లీ మొదలుపెట్టాలి. ఇది ఓపిక పని. తండ్రి కూడా ఒక వంతు కూర్చుంటే తల్లి కాస్త నడుము వాల్చుతుంది.

ఓ.ఆర్.ఎస్.తోపాటు జింకు బిళ్ల ఇస్తారు. రెండు నెలల నుంచి ఆరు నెలల లోపు బిడ్డకు 20 మిల్లీగ్రాముల బిళ్లలో సగం, ఆపైన మొత్తం బిళ్ల, రోజుకొకసారి చెంచాడు పాలలోనో నీటిలోనో కరిగించి పట్టాలి. విరేచనాలు మూడో రోజే కట్టినా 14 రోజులూ వేయవలెను. ఆ తరువాత రెండు మూడు నెలలు మళ్లీ విరేచనాలు పట్టుకోవడం తగ్గుతుంది.

"సూది వెయ్యండి, మంచి మందు రాయండి" అని డాక్టరును పట్టుబట్టకండి. పసివాళ్ల నీళ్ల విరేచనాలు ఎక్కువగా వైరసు వల్లనే వస్తాయి. దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదు. విరేచనాలు కట్టే బిళ్లలు పేగు కదలికను ఆపేస్తాయి, చిన్నపిల్లలకు అవి ప్రమాదం. ఏమీ రాయకుండా ఓ.ఆర్.ఎస్., జింకు ఇచ్చి పంపిన డాక్టరే సరైన వైద్యం చేసినట్టు.

మరి ఎప్పుడు పరుగెత్తాలి? డాక్టరు చూసే గుర్తులు మీరూ చూడవచ్చు. కళ్లు లోపలికి పోయాయా? బిడ్డ మత్తుగా పడి ఉన్నాడా? తాగలేకపోతున్నాడా? బొడ్డుకు ప్రక్కగా పొట్ట మీది చర్మం రెండు వేళ్లతో పైకి లాగి వదలండి. వెంటనే సర్దుకుంటే మేలు. మడత అలాగే నిలబడి మెల్లగా పోతే నీరు బాగా తగ్గిందన్నమాట. అలాంటప్పుడు 108కి ఫోను చేసి, దారి పొడుగునా చెంచాతో పడుతూ ఆస్పత్రికి తీసుకుపోవాలి. మత్తుగా ఉండి మింగలేని బిడ్డకు మాత్రం నోట్లో పొయ్యరాదు. విరేచనంలో నెత్తురు పడినా, 14 రోజులు దాటినా, రెండు నెలల లోపు పసికందైనా ఇంట్లో ఉంచుకోకండి. నెత్తురు పడితే యాంటీబయాటిక్ అవసరం, అది డాక్టరు చూసి ఇస్తారు.

రోటా వైరసు టీకా చుక్కలు 6, 10, 14 వారాలకు ఉచితంగా వేస్తారు. 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాలలో మొదలైంది, తెలంగాణలోనూ వేస్తున్నారు. టీకా కార్డు తీసి చూసుకోండి.

మరొక్క మాట తల్లికి. మీరు మాలా-ఎన్ బిళ్లలు వాడుతూ ఉండగా మీకే వాంతులు, విరేచనాలు గట్టిగా పట్టుకుని ఒక రోజు దాటితే, బిళ్ల ఒంటికి పట్టకపోవచ్చు. బిళ్లలు మానకండి. తగ్గిన తరువాత వరుసగా ఏడు బిళ్లలు వేసుకునే వరకు నిరోధ్ కూడా వాడవలెను. అవి ఏ.ఎన్.ఎం. దగ్గరా, ఆశా కార్యకర్త దగ్గరా దొరుకుతాయి. అడగడానికి మీకు సిగ్గనిపిస్తే మీ ఆయన్ను పంపండి.