షార్ట్ ఫిల్మ్ కోసం ఏ ఫోన్ కొనాలి? ముందు సినిమా దశలేంటో చూద్దాం

"బ్రో, షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకుంటున్నాం, 40 వేల లోపు మంచి కెమెరా ఫోన్ చెప్పు." ఫ్రెండ్స్ దగ్గర్నుంచి, ఆఫీసులో జూనియర్ల దగ్గర్నుంచి నాకు తరచూ వచ్చే ప్రశ్న ఇది. ఈఎంఐ పెట్టే ముందు ఒక్కసారి సినిమా ఎన్ని దశలు దాటుతుందో, అందులో ఫోన్‌కి ఎక్కడ పని ఉంటుందో చూడండి. 4కె రికార్డ్ చేసే ఫోన్ ఇప్పటికే మీ చేతిలో ఉంటే, చాలావరకు మీ డబ్బు వెళ్లాల్సిన చోటు వేరే.

షాన్ బేకర్ తీసిన 'టాంజరీన్' సినిమా 2015లో సన్‌డాన్స్ ఫెస్టివల్‌లో పడింది. షూట్ చేసింది ఐఫోన్ 5ఎస్‌తో. అంటే ఇప్పటి బడ్జెట్ ఫోన్ల కన్నా స్పెక్స్‌లో వెనకబడిన ఫోన్, 4కె కూడా లేదు. అనామార్ఫిక్ లెన్స్ అడాప్టర్, ఫిల్మిక్ ప్రో యాప్ తోడు పెట్టుకున్నారు. సౌండ్ మాత్రం ఫోన్‌కి వదిలేయలేదు, ప్రొఫెషనల్ మైకులతో విడిగా రికార్డ్ చేశారు. అదే బేకర్‌కి 2025లో 'అనోరా' సినిమాకి వచ్చిన ఆస్కార్లలో స్క్రీన్‌ప్లేకి ఒకటి, ఎడిటింగ్‌కి ఒకటి ఉన్నాయి. రెండూ కెమెరా ఆన్ కానప్పుడు జరిగే పనులే.

మొదటి దశ స్క్రిప్ట్. దీనికి గాడ్జెట్ ఏం అక్కర్లేదు, గూగుల్ డాక్స్ చాలు. డైలాగులు పైకి చదువుతూ స్టాప్‌వాచ్ పెట్టండి. పది నిమిషాల సినిమా అనుకున్నది పదిహేడు దగ్గర ఆగితే ఇక్కడే కోసేయండి. మన సాఫ్ట్‌వేర్ వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, రిక్వైర్‌మెంట్ దగ్గర దొరికిన బగ్‌కీ ప్రొడక్షన్‌లో దొరికిన బగ్‌కీ ఖర్చులో ఎంత తేడానో.

తర్వాత ప్రీ ప్రొడక్షన్. నాకైతే అన్నిటికన్నా ఇష్టమైన దశ, ఎందుకంటే ఇదంతా ఎక్సెల్ షీటే! ఒక్కో షాట్‌కి ఒక్కో వరస: సీన్ నంబర్, లొకేషన్, పగలా రాత్రా, ఎవరెవరు ఉంటారు, ఏ బట్టలు. ఇప్పుడు కథ వరసలో కాకుండా లొకేషన్ వరసలో సార్ట్ కొట్టండి, మీ షెడ్యూల్ వచ్చేసినట్టే. మేం ఫ్రెండ్స్ అంతా కలిసి రెండు వీకెండ్లలో తీసిన సినిమాలో మొదటి సీను, చివరి సీను ఒకే మేడ మీద గంట తేడాతో తీశాం. బట్టల కాలమ్ ఉంది కాబట్టే ఎవరూ తికమక పడలేదు. రెక్కీకి వెళ్తే షూట్ చేయబోయే టైంకే వెళ్లండి. కళ్లతో పాటు చెవులూ పనిచేయాలి: పక్కింటి కుక్కర్ విజిల్, మోటారు, సీలింగ్ ఫ్యాన్, ఫ్రిజ్.

మూడోది షూటింగ్. ఫోన్ అసలు పని ఇక్కడే. ఆటో మోడ్ వదిలేయండి. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఫ్రీ, ఐఫోన్‌కీ ఉంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకీ ఉంది. 24 ఎఫ్‌పీఎస్, షటర్ 1/50 పెట్టి వైట్ బ్యాలెన్స్, ఫోకస్ లాక్ చేయండి. 1/50 ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్జ్, లైట్లు సెకనుకి వందసార్లు ఎక్కువ తక్కువ అవుతుంటాయి. ఈ షటర్‌తో ఆ ఫ్లికర్ కనిపించదు, కదలిక కూడా సినిమాలాగే ఉంటుంది. ఐతే ఎండలో ఇదే సెట్టింగ్‌తో ఫ్రేమ్ తెల్లగా మాడిపోతుంది. చాలా ఫోన్లలో అపర్చర్ మార్చడానికి కుదరదు కాబట్టి ఎన్‌డీ ఫిల్టర్ కావాలి, లేదంటే నీడలో తీయాలి.

స్టోరేజ్ లెక్క కూడా చూడండి. పది నిమిషాల సినిమాకి 80 నిమిషాల ఫుటేజ్ అనుకుందాం. ఐఫోన్‌లో 4కె ప్రోరెస్ 30 ఎఫ్‌పీఎస్‌కి నిమిషానికి దాదాపు 6 జీబీ, అంటే మొత్తం 480 జీబీ. మామూలు హెచ్‌ఈవీసీలో అయితే 16 జీబీలో అయిపోతుంది. డీఐలో కలర్ మీద గట్టిగా కూర్చునే మనిషి టీంలో లేకపోతే ప్రోరెస్, లాగ్ జోలికి వెళ్లకండి.

ఇక సౌండ్. కొంచెం మసకగా ఉన్న బొమ్మని జనం క్షమిస్తారు, డైలాగ్ వినపడకపోతే మాత్రం ట్యాబ్ మూసేస్తారు. వెయ్యి రూపాయల లోపే వైరు కాలర్ మైకులు దొరుకుతాయి. ఇంట్లో పడి ఉన్న పాత ఫోన్‌కి తగిలించి నటుడి జేబులో పెట్టండి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డ్ చేయండి. టేక్ మొదట్లో ఒక చప్పట్ కొట్టండి, ఎడిటింగ్‌లో రెండు ట్రాకులు కలపడానికి అది చాలు. ప్రతి లొకేషన్‌లో అందరూ నోరు మూసుకుని అర నిమిషం ఖాళీ సౌండ్ కూడా తీస్కోండి, కట్‌కీ కట్‌కీ మధ్య అతుకులు కనపడకుండా అది కాపాడుతుంది.

గుమ్మడికాయ కొట్టేశాక సగం పని మిగిలే ఉంటుంది. డావించీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్‌లో ఎడిటింగ్, కలర్, సౌండ్ మూడూ అవుతాయి. ల్యాప్‌టాప్ మొరాయిస్తే ప్రాక్సీలు చేస్కోండి. ఫోన్ సొంత కెమెరా యాప్‌తో తీసిన క్లిప్పుల్లో ఫ్రేమ్ రేట్ నిలకడగా ఉండకపోవచ్చు, పొడుగు టేకుల్లో పెదాలు ఒక దారి, మాట ఒక దారి అవుతాయి. అలాంటివి ముందే హ్యాండ్‌బ్రేక్‌లో పెట్టి కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్‌కి మార్చండి.

ఇక్కడ ఒక్క రూల్ మాత్రం గట్టిగా: ఎడిట్ లాక్ అయ్యాకే డబ్బింగ్, రీరికార్డింగ్, డీఐ. కోడ్ ఫ్రీజ్ లాంటిదే అది. మ్యూజిక్ ఇచ్చేవాడు ఫలానా సెకనులో కట్ వస్తుందని బీట్ కొడతాడు. తర్వాత మీరు రెండు సెకన్లు లేపేస్తే అతని పని మొత్తం మళ్లీ మొదటికొస్తుంది.

రిలీజ్ అంటే అప్‌లోడ్ బటన్ ఒక్కటే అనుకోకండి. బ్యాక్‌గ్రౌండ్‌లో టీవీలో పాత పాట మోగినా యూట్యూబ్ కంటెంట్ ఐడీ పట్టేసుకోవచ్చు, వచ్చే యాడ్ డబ్బులు హక్కుదారుకి పోవచ్చు. పబ్లిక్ చేసే ముందు అన్‌లిస్టెడ్‌గా పెట్టి కాపీరైట్ చెక్ రిజల్ట్ చూడండి. అదే లింక్‌ని ఒకసారి టీవీలో, ఒకసారి చీప్ ఇయర్‌ఫోన్స్‌లో, ఒకసారి ఫోన్ స్పీకర్‌లో వినండి. ఫోన్ స్పీకర్‌లో డైలాగ్ మ్యూజిక్ కింద మునిగిపోతుంటే మిక్స్‌కి వెనక్కి వెళ్లి మ్యూజిక్ తగ్గించండి.