కనిపించకుండా పోయిన విమానాన్ని ఎలా వెతుకుతారు?

పోయిన నెల అనువాదం క్లాసులో మేడం మాకు తలా ఒక తమిళ వార్త ఇచ్చి తెలుగు చేసుకురమ్మన్నారు. నాకు వచ్చింది 2024 అక్టోబరు నాటి వార్త. 1968లో హిమాలయాల్లో కూలిన వైమానిక దళ విమానంలోని నలుగురి శరీరాలు 56 ఏళ్ల తర్వాత మంచులో దొరికాయని అందులో ఉంది. నేను "1968లో చనిపోయిన నలుగురు సైనికుల మృతదేహాలు లభ్యం" అని శీర్షిక పెట్టాను. మేడం 'చనిపోయిన' కింద ఎర్రగీత గీశారు. "తమిళంలో కాణామల్ పోన అని ఉంది కదమ్మా, నువ్వెందుకు చంపేశావు?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేశాను.

ఇంటికి వెళ్లి ఆ వార్త అవ్వకి చదివి వినిపించాను. అవ్వ నవ్వలేదు. "అయితే వాళ్ల పెళ్లాలు ఇన్నాళ్లూ బొట్టు పెట్టుకున్నారా, తీసేశారా?" అని అడిగింది. వార్తలో దానికి జవాబు లేదు.

తమిళంలో 'కాణామల్ పోనవర్', మనకి 'కనిపించకుండా పోయినవారు'. మాటల అల్లిక రెండింట్లోనూ ఒక్కటే. పైగా మన మాటల్లో 'పోయారు' అంటే చనిపోయారనే. దాని ముందు 'కనిపించకుండా' అని ఒక్క మాట చేర్చగానే అర్థం ఆగిపోతుంది. కర్మ చేయడానికి లేదు, ఆశ వదలడానికీ లేదు. చట్టం కూడా దీన్ని పట్టించుకుంది. ఒక మనిషి గురించి, తెలిసి ఉండాల్సినవాళ్లకి ఏడేళ్లు ఏ కబురూ లేకపోతే, అతను బతికే ఉన్నాడని రుజువు చేసే భారం అలా అనేవాళ్ల మీదే పడుతుందని మన సాక్ష్య చట్టం చెబుతుంది. చట్టానికి ఏడేళ్లు చాలు. ఇంట్లోవాళ్లకి చాలవు. అందుకే పాత విమానాల శకలాల కోసం ఇప్పటికీ కొండలెక్కుతున్నారు. అది ఎలా చేస్తారో నేను చదివి తెలుసుకున్నంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

చివరి మాట ఎక్కడ వినిపించింది?

1968 ఫిబ్రవరి 7న ఏఎన్-12 అనే రవాణా విమానం చండీగఢ్ నుంచి లేహ్‌కి బయల్దేరింది. అందులో 102 మంది ఉన్నారు. లేహ్ దగ్గర వాతావరణం బాగోలేదని పైలట్ వెనక్కి తిప్పాడు. రోహ్తాంగ్ కనుమ ప్రాంతంలో ఉండగా రేడియోలో చివరిసారి మాట వినిపించింది. ఆ తర్వాత ఏమీ లేదు.

ఏ వెతుకులాటైనా ఈ చివరి మాట దగ్గరే మొదలవుతుంది. ఆ చోటుని మ్యాపులో చుక్క పెట్టి చుట్టూ గీత గీస్తారు. విమానం ఎటు పోతోంది, ఎంత ఎత్తులో ఉంది, ఇంకా ఎంత ఇంధనం ఉంది, గాలి ఎటు వీస్తోంది అన్నవి బట్టి ఆ గీత పెరుగుతుంది, తగ్గుతుంది. మనకి అర్థమయ్యేలా ఒక లెక్క వేద్దాం. గంటకు 480 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం నిమిషానికి 8 కిలోమీటర్లు పోతుంది. అంటే టైము రాసుకోవడంలో ఒక్క నిమిషం తేడా వస్తే చుక్క 8 కిలోమీటర్లు జరుగుతుంది. 10 కిలోమీటర్ల దూరం లోపల వెతకాలంటే 314 చదరపు కిలోమీటర్లు. దూరం రెట్టింపై 20 అయితే విస్తీర్ణం నాలుగింతలు, అంటే 1,256 చదరపు కిలోమీటర్లు. అది కూడా కాగితం మీద చదునుగా ఉన్న నేల లెక్క. కొండల్లో ప్రతి లోయకీ రెండు వాలులు ఉంటాయి, ఒక వాలు కనిపిస్తే రెండోది కనిపించదు.

దగ్గరికి వెళ్లినా ఎందుకు కనిపించదు?

విమానం అంటే మన కళ్ల ముందు రెక్కలు, తోక, కిటికీలు మెదులుతాయి. వెతికేవాళ్లు మొదట మర్చిపోవాల్సింది ఆ బొమ్మనే. వేగంగా కొండని కొట్టుకున్న విమానం విమానంలా మిగలదు. రేకు ముక్కలు, తీగలు, ఎక్కడో ఒక ఇంజను, అంతే. మంచుకొండ అయితే ఆ దెబ్బకి పైనుంచి మంచు చరియలు జారి వాటినీ కప్పేస్తాయి.

దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ దక్షిణ అమెరికాలో ఉంది. 1947 ఆగస్టు 2న 'స్టార్ డస్ట్' అనే బ్రిటిష్ విమానం 11 మందితో అర్జెంటీనాలోని బ్యూనస్ ఐరిస్ నుంచి చిలీలోని శాంటియాగోకి వెళ్తూ ఆండీస్ పర్వతాల్లో కనిపించకుండా పోయింది. ఎంత వెతికినా ఒక్క ముక్క దొరకలేదు. బంగారం కోసం దొంగలు దింపేశారనీ, ఇంకేదో అనీ కథలు పుట్టాయి. 1998లో టుపుంగాటో కొండ మీద హిమానీనదంలో పర్వతారోహకులకి దాని ఇంజను కనిపించింది. 2000లో అర్జెంటీనా సైన్యం వెళ్లి మిగతావి చూసింది. ప్రొపెల్లర్ వంగిన తీరు బట్టి, కొండని కొట్టుకునే దాకా ఇంజను మామూలుగానే తిరుగుతోందని తేలింది. మబ్బుల పైన ఎగురుతున్న ఆ విమానానికి బలమైన ఎదురుగాలి తగిలిందని, కొండలు దాటేశామనుకుని కిందికి దిగారని నిపుణులు తేల్చారు. ఆ ఎత్తులో వీచే జెట్ స్ట్రీమ్ గాలుల గురించి అప్పటికి పెద్దగా తెలియదు. 50 ఏళ్లు తిరిగిన కథలన్నిటికీ ఒక వంగిన ప్రొపెల్లర్ జవాబు చెప్పింది.

మంచు దాస్తుంది, మంచే తెచ్చి ఇస్తుంది

హిమానీనదం అనే మాటలోనే విషయమంతా ఉంది. మంచుగడ్డ అయినా అది నదే, పారుతుంది. చాలా మెల్లగా పారుతుంది కాబట్టి మన కంటికి తెలియదు. కొండపైన ఏటా కురిసే మంచు కరిగే దానికంటే ఎక్కువ. పాత పొర మీద కొత్త పొర పడి, బరువుకి గట్టిపడి, గడ్డకట్టి, తన బరువుతోనే కిందికి జారుతుంది. దిగువన కురిసేదానికంటే కరిగేది ఎక్కువ. అందుకని పైన పడిన వస్తువు ముందు లోపలికి కూరుకుపోతుంది, మంచుతోపాటు కిందికి ప్రయాణం చేస్తుంది, దిగువన మంచు కరిగినప్పుడు బయటపడుతుంది. కూలిన చోటే వెతికితే దొరకకపోవచ్చు. కూలిన చోటు నుంచి మంచు ఎటు పారుతుందో, ఇన్నేళ్లలో ఎంత దూరం వచ్చి ఉంటుందో లెక్క కట్టి, అక్కడ వెతకాలి.

ఏఎన్-12 విషయంలో అలాగే జరిగింది. 35 ఏళ్లు జాడ తెలియలేదు. 2003లో హిమాచల్ ప్రదేశ్ లాహౌల్-స్పితి ప్రాంతంలో, 6,000 మీటర్లు దాటిన చంద్రభాగ-13 శిఖరం దగ్గర ఢాకా హిమానీనదంలో పర్వతారోహకులకి దాని శకలాలు కనిపించాయి. అప్పటినుంచి సైన్యంలోని డోగ్రా స్కౌట్స్ పలుమార్లు వెళ్లి వెతికారు. 2018లో కొండ మీద చెత్త ఏరడానికి వెళ్లిన బృందానికి ఒక శరీరం కనిపించింది. 2019లో ఇంజను, ప్రొపెల్లర్, కాక్‌పిట్ తలుపు లాంటివి దొరికాయి. 2024 సెప్టెంబరులో డోగ్రా స్కౌట్స్, తిరంగా మౌంటెన్ రెస్క్యూ కలిసి వెళ్లినప్పుడు ఆ నలుగురూ దొరికారు.

ఎన్నిసార్లు వెళ్లినా ఇంత తక్కువ దొరకడానికి కారణం ఉంది. వేసవి చివర మంచు బాగా తగ్గిన కొద్ది వారాలే వెతకడానికి వీలు. మళ్లీ కొత్త మంచు పడితే అంతా మూసుకుపోతుంది. 5,000 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానికి సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. మంచులో చీలికలు ఉంటాయి, తాడు కట్టుకునే నడవాలి.

అడవిలో అయితే మనుషుల్నే అడగాలి

మంచు లేని చోట్ల అడవి దాస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో 1942 నుంచి 1945 దాకా అస్సాం నుంచి చైనాలోని కున్మింగ్‌కి కొండల మీదుగా సరుకులు మోశారు. ఆ దారిని 'హంప్' అనేవారు. వందల విమానాలు ఆ దారిలో కూలిపోయాయి. అరుణాచల్ అడవుల్లో కూలినవాటి మీద చెట్లు పెరిగి, తీగలు అల్లుకుని, పైనుంచి ఎవరూ చూడలేకుండా అయిపోయింది.

ఇక్కడ పనికొచ్చేది ఊళ్లవాళ్ల జ్ఞాపకం. వేటకి వెళ్లినవాళ్లకి ఏ వాగు పైన రేకులు పడి ఉన్నాయో తెలుసు. 1944 జనవరిలో పోయిన ఒక అమెరికన్ బాంబర్ విమానం శకలాలు 2006లో దంరోహ్ ఊరి దగ్గరి కొండల్లో దొరికాయి. దారి చూపింది అక్కడివాళ్లే. ప్రపంచానికి 62 ఏళ్లు 'కనిపించకుండా' ఉన్నది, ఆ ఊరికి ఎప్పుడూ కనిపిస్తూనే ఉందన్నమాట. వాళ్లని ఎవరూ అడగలేదు, అంతే. జానపద సాహిత్యం పేపరులో క్షేత్రపర్యటన గురించి మనం చదువుకునేది ఇదే కదా. ముందు కూర్చుని వినాలి, ప్రశ్న తర్వాత.

దొరికింది ఎవరిది?

ముక్క దొరకగానే పని అయిపోదు. అది ఏ విమానానిదో తేల్చాలి. ఆల్ప్స్‌లోని మోం బ్లాం పర్వతం మీద రెండు ఎయిర్ ఇండియా విమానాలు కూలాయి. ఒకటి 1950 నవంబరులో, 48 మందితో. రెండోది 1966 జనవరి 24న, 117 మందితో. శాస్త్రవేత్త హోమీ భాభా పోయింది ఆ రెండోదాంట్లోనే. కింద బోస్సాన్ హిమానీనదంలో ఏ రేకుముక్క దొరికినా, ఈ రెండింట్లో ఏది అనే ప్రశ్న వస్తుంది. ఇంజన్ల మీద, యంత్రభాగాల మీద వేసిన నంబర్లు చూస్తారు. కాగితాలైతే తేదీలు చూస్తారు. 2012లో మన విదేశాంగ శాఖ ముద్ర ఉన్న తపాలా సంచి దొరికింది. 2020లో దొరికిన భారతీయ పత్రికల్లో ఇందిరా గాంధీ ప్రధాని కాబోతున్న వార్త ఉంది. ఆమె ప్రమాణస్వీకారం చేసింది, విమానం కూలింది, రెండూ ఒకే రోజు. పత్రిక తేదీ చూస్తే చాలు, విమానం ఏదో తెలిసిపోయింది.

మనుషుల్ని గుర్తుపట్టడానికి జేబులో కాగితాలు, సైనికుల పే-బుక్కులు, ఇప్పుడైతే డీఎన్ఏ. 2024లో దొరికినవాళ్లలో కొందరిని దగ్గరున్న కాగితాలతోనే గుర్తుపట్టారు. వాళ్లలో ఒకరు కేరళ యువకుడు, పోయేనాటికి 22 ఏళ్లు.

అందుకే వెతికేవాళ్లకి ఒక నియమం. ఏదీ జేబులో వేసుకోకూడదు, ఏదీ జరపకూడదు. ముందు ఫొటో తీయాలి, చోటు రాసుకోవాలి, అధికారులకి చెప్పాలి. చోటు మారిన ముక్క సగం సాక్ష్యమే చెబుతుంది. 2013లో మోం బ్లాం మీద ఒక పర్వతారోహకుడికి పచ్చలు, నీలాలు ఉన్న పెట్టె దొరికితే నేరుగా పోలీసులకి అప్పగించాడు. అతని నిజాయితీని అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం పేబుక్కుని భద్రంగా తెచ్చినవాళ్లు అంతకంటే విలువైనది తెచ్చారనిపించింది.

మన ఊరి దగ్గరే

ఇదంతా ఎక్కడో జరిగేదనుకోకండి. 2016 జులై 22న మన తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి వెళ్తూ ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద కనిపించకుండా పోయింది. 29 మంది ఉన్నారు. వాళ్లలో 8 మంది విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. చివరిసారి రాడార్‌లో ఎక్కడ కనిపించిందో తెలుసు, అయినా సముద్రం అక్కడ అంత లోతు. ఏడున్నర ఏళ్ల తర్వాత, 2024 జనవరిలో, చెన్నై పళ్లికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పంపిన మనుషుల్లేని జలాంతర వాహనం 3,400 మీటర్ల లోతున శకలాల ఫొటోలు తీసింది. తీరం నుంచి దాదాపు 310 కిలోమీటర్లు. చీకట్లో వెలుగు బదులు శబ్దాన్ని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో అడుగుని చూసే సోనార్ దాన్ని పట్టింది.

శీర్షిక దిద్దుకుని మళ్లీ ఇచ్చాను: "1968లో కనిపించకుండా పోయిన నలుగురు సైనికులు దొరికారు". ఈసారి మేడం ఎర్రగీత పెట్టలేదు. అవ్వకి కూడా చదివాను. "నలుగురేనా? ఎంతమంది ఎక్కారన్నావు?" అంది. 102 మంది, 2024 చివరికి దొరికినవాళ్లు మొత్తం తొమ్మిది మంది అన్నాను. అవ్వ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. ఇంకా 93 ఇళ్లలో ఆ ఒక్క మాట అలాగే ఉంది.