గోడమీది బొమ్మ

అనంతపురం జిల్లాలో ఒక పల్లె. తండ్రీ కూతురూ చెనక్కాయలు ఒలుస్తున్నారు. గోడమీద అజహరుద్దీన్ బొమ్మ ఉంది.

"నాయనా, ఈయన ఎవరు?"

"హైదరాబాదు ఆటగాడు పాపా. మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టినాడు. భారత జట్టుకు కెప్టెన్ అయినాడు."

2000లో ఆయనపై ఆరోపణ వచ్చింది. డబ్బు తీసుకొని ఆట అమ్ముకున్నాడన్నారు. ఇక జీవితాంతం ఆడరాదని క్రికెట్ బోర్డు నిషేధించింది. 2012లో హైకోర్టు ఆ నిషేధం చెల్లదని తీర్పు చెప్పింది. అప్పటికి ఆయనకు 49 ఏళ్లు. ఆడే వయసు దాటిపోయింది.

"ఆ వార్త విని బొమ్మ తీసి పెట్టెలో వేసినా. చించడానికి చెయ్యి రాలేదు. తీర్పు వచ్చినాక మళ్లీ తగిలించినా."

"క్షమించినావా?"

"ఆట అమ్ముకోవడం ఎవరు చేసినా తప్పే. ఆ మాట మారదు. మనిషి మీద కోపం ఎన్నేళ్లు మోస్తాం?"

కొత్త మాటలు: ఆరోపణ, నిషేధం, తీర్పు.

ఆలోచించండి: మీరైతే బొమ్మను మళ్లీ తగిలిస్తారా? ఎందుకు?